గచ్చిబౌలిలో తుపాకికి ఉద్వాసన

మహర్నవమి నాటి ఉదయం తొమ్మిదింబావుకు చందానగర్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కాను. కారణం ఒక తుపాకి. మా చెల్లెలి భర్త వీర్రాజు గచ్చిబౌలిలో చేపల భోజనశాల తెరుస్తున్నాడు. ఉప్పాడ జాలరుల వలలో పడిన పాత సైనిక తుపాకి ఒకటి చేపల పెట్టెలతోపాటు అతనికి చేరింది. దానిని గోడకు తగిలించి, కింద ‘1857 తిరుగుబాటు నాటిది’ అని బోర్డు పెట్టదలచాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని; ఆధారం లేని సంవత్సరాన్ని నేను సహించలేను.

హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాను. సంగతి విన్న డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

“చేపల హోటల్ల తుపాకేంది పెద్దసారూ? బిల్లు కట్టనోళ్ల కోసమా?”

సందేహం సమంజసమే.

నేను చేరేసరికి ఆయుధపూజ ముగిసింది. కత్తుల నడుమ, పీట మీద, బంతిపూల దండతో తుపాకి కొలువుదీరి ఉంది. తయారైన సంవత్సరం కోసం లోహమంతా వెదికాను. నున్నగా ఉంది.

“గుల్లలు పట్టి అసహ్యంగా ఉంటే చింతపండేసి తోమానన్నయ్యా. ఎలా మెరుస్తోందో చూడు!” అన్నది మా చెల్లెలు సత్యవతి.

పూజాపాత్రకు జరిగే ఉపచారమే దీనికీ జరిగి, అంకెలు కాస్తా అరిగిపోయాయి. అయినా ఈ రకం 1857 నాటికి మన దేశానికి రానేలేదని చెప్పి, లోపలి తూటా తీశారా అని అడిగాను.

“సముద్రంలో నానిందండి బావగారూ! లోపల రొయ్య ఉంటే ఉంటది గానీ తూటా ఎందుకుంటదండీ?” అన్నాడు వీర్రాజు.

తుప్పు వల్ల తూటా పెట్టే గది తెరుచుకోవడం లేదు. పక్కనే వేపుడు పొయ్యి. మధ్యాహ్నానికి అతిథులు వస్తారు. పోలీసులకు అప్పగించమన్నాను.

వీర్రాజు ముఖం వాడింది. “మొదటి రోజే గుమ్మంలో పోలీసు జీపు కనిపిస్తే లోపలికెవరొస్తారండీ?”

సత్యవతి అభ్యంతరం వేరు. “పూజ చేసినదాన్ని ఉద్వాసన చెప్పకుండా కదపకూడదు. ఉద్వాసన రేపు.”

కాళ్లు కడుక్కొని పీట ముందు కూర్చున్నాను. “యథాస్థానం ఉద్వాసయామి” అని అక్షతలు వేశాను. మళ్లీ రమ్మని కోరే ‘పునరాగమనాయ చ’ను బుద్ధిపూర్వకంగానే విడిచిపెట్టాను.

“మిగతాది మింగేశావేం?” అన్నది సత్యవతి.

“మళ్లీ వస్తే తోమేది నువ్వే.”

ఆమె నవ్వి, ఫోన్ తీసి భర్త చేతిలో పెట్టింది.

జీపు వచ్చింది. మమ్మల్నందరినీ బయటికి పంపారు. లోపలికి వెళ్లబోతూ కానిస్టేబుల్ బూట్లు విప్పాడు. “బొట్టు పెట్టిన్రు గదా, బూట్లతోని ఎట్ల పోతం?”

పోలీసుల వెంట వచ్చిన ఆయుధ నిపుణులు తుపాకిని ఇసుకపెట్టెలో పెట్టి తీసుకుపోయారు. “మీరే పిలిచిన్రు కాబట్టి నయం. గోడకెక్కినంక మేమొస్తే కథ వేరుండె,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

జీపును చూడడానికి ఆగినవారిలో సగం మంది భోజనానికి కూర్చున్నారు. పులస లేదు గాని, పండుగొప్ప పులుసు ప్రశస్తంగా ఉంది.

సాయంత్రం తిరుగు రైలు హఫీజ్‌పేట దాటుతుండగా సత్యవతి ఫోన్ చేసింది.

“లోపల తూటా ఉందట అన్నయ్యా. అది విన్నప్పట్నుంచీ ఈయన పొయ్యి దగ్గరికే వెళ్లడం లేదు. గోడ బోసిగా ఉందని మాత్రం బెంగ.”

క్యాలెండర్ తగిలించమన్నాను. దాని మీద సంవత్సరమైనా నిజంగా ఉంటుంది.