మీసం లేని మొగం

ఆత్మకూరులో మా నాయనకు బట్టల అంగడి. ఊళ్లో నాటకం వేస్తే మాత్రం ఆయన రాజకుమార్తె. ఆ పంతొమ్మిది వందల యాభైల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. తండ్రి తెచ్చిన సంబంధం వద్దని, మనసుపడ్డవాణ్ణే చేసుకుంటానని నిండుసభలో తెగేసి చెప్పే వేషం ఆయనది. దానికోసం మీసం తీసేసేవాడు. సంగం ఊళ్లో ఉండే మా మేనత్త ఒకసారి పదిమందిలో, "మీసం గొరిగించుకొని చీర కట్టేవాడు నాకు తమ్ముడేంది!" అనేసింది. అంతే, నాలుగేళ్లు రాకపోకల్లేవు. నాకేమో ఆ అత్త కొడుకంటేనే ఇష్టం. నాయన నన్నొక్క మాట అడక్కుండా, ఉదయగిరిలో ఉన్న మా మేనమామకు నన్నిస్తానని మాట ఇచ్చేశాడు.

మధ్యాహ్నం అంగడి తలుపులు దగ్గరికి వేసి నాయన పాఠం వల్లించేవాడు. పుస్తకం పట్టుకుని రాజు మాటలు చదివేది నేను. అంటే నేను తండ్రిని, ఆయన కూతురు. ఆ రోజు "నా మాటకు తిరుగులేదు, ఆ వరుణ్ణే వరింపుము" అనే చోట ఆగిపోయాను.

"చదవవేందే?"

"రాజు మాటలు నువ్వు చదువు నాయనా. కూతురి మాటలు నేను చెప్తా."

నవ్వుతూ పుస్తకం తీసుకుని చదివాడు. వినీ వినీ నాకన్నీ కంఠతా వచ్చు.

"జనకా! కన్నది మీరే, కాదనను. కాపురము చేయవలసినది నేను!"

నాయన నవ్వు పోయింది. "అది నాటకంలో మాట."

"ఆ మాటకు జనం ఈలలేస్తే మురిసిపోతావే! నీ నోట్లో ముద్దొచ్చే మాట, నా నోట్లో పొగరయిందా?"

"ఎవడే వాడు?"

"సంగం బావ."

పుస్తకం విసిరికొట్టాడు. "దాని గడప తొక్కమంటావా? ఏ మొగం పెట్టుకొని పోయేది?"

పోయిన నాటకానికి తీసిన మీసం అప్పుడప్పుడే మొలుస్తోంది.  నేను తగ్గలేదు.

"ఈ మొగమే పెట్టుకొని పో. ఉదయగిరి మామకు నేనే చెప్తా. ఆయన్ను మాత్రం చేసుకోను."

 మూడో రోజు పొద్దున్నే నాయన అద్దం ముందు కూర్చుని, మొలిచిన కాస్త మీసాన్నీ నున్నగా గీసేశాడు.

"ఈ రోజు నాటకం లేదు గదా!" అంది అమ్మ.

"మా అక్క ఏ మొగాన్ని అన్నిందో, ఆ మొగంతోనే పోయి అడుగుతా," అని కండువా భుజాన వేసుకుని సంగం బస్సెక్కాడు.