చింతపండుతో తోమిన రూపాయి

నాణేల మీద మోజుపడి నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒక్కటే: కడగొద్దు. చాలామంది నవ్వుతారు. నల్లబడ్డ రూపాయిని కడగకపోతే ఎట్లా అంటారు. ఆ నలుపే దాని వయసురా, దాన్ని గీకితే తోలు ఒలిచినట్టే అని అరుస్తాను. నాకు అరిచే హక్కుంది. మా అక్కకు ఏం జరిగిందో చూసినవాణ్ని.

నేను బడికి పోయింది తక్కువ. నా మొదటి నాణెం చిన్నప్పుడు నా మొలతాడుకు కట్టిన చిల్లి పైసా. తర్వాత వనపర్తిలో గడియారాలు బాగుచేసే ఒక సాయిబు పక్కన కూర్చొని ఉర్దూ అంకెలు నేర్చుకున్నాను. నిజాం కాలపు వెండి రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. దాని దర్వాజాలో చిన్న అక్షరం, అది ఏ నిజామో చెబుతుంది. అంకెలు ఏ సంవత్సరమో చెబుతాయి. ఆ రెండూ కంటికి ఆనితేనే ధర. కొన్ని ఏండ్లవి ఏ ఊళ్లో అడిగినా దొరుకుతాయి, కొన్ని ఏండ్లవి కాళ్లరిగేలా తిరిగినా దొరకవు. పాతదైతే చాలు విలువ అనుకునేవాడు గాడిద. బండరాయి కూడా పాతదే.

అక్కను ఖిల్లా ఘణపూర్‌లో ఇచ్చారు. పెండ్లినాడు మా నాయన ఆమె చేతిలో అలాంటి రూపాయి ఒకటి పెట్టాడు. ప్రతి దీపావళికి ఆమె దాన్ని చింతపండు, బూడిద వేసి ఇత్తడి చెంబును తోమినట్టు తోమి లక్ష్మి ముందు పెట్టేది. వద్దక్కా అని ఎన్నోసార్లు మొత్తుకున్నాను.

"లచ్చిమికి మురికి రూపాయి పెడ్తరా తమ్మీ? నీ సిలుం బిళ్లలు నువ్వు సూస్కో పో" అనేది.

బావ పోయాక కొడుకూ కోడలూ ఆమె మంచాన్ని గొడ్ల కొట్టంలో వేశారు. పైన రేకులు. ఈ ఎండాకాలం ఎవడో ఫోన్లో ఒర్రాడు, నిజాం రూపాయి ఇంట్లో ఉంటే లక్షలు ఉన్నట్టేనని. మేనల్లుడు ఆ వీడియో చూశాడు. ఆ సాయంత్రమే మంచం ఇంట్లోకి వచ్చింది. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టారు. కోడలు ఉడికిన గుడ్డు ఒలిచి మరీ చేతికిచ్చింది. నేను పోయేసరికి అక్క కండ్లు మూసుకొని గాలికి ముఖం పెట్టి ఉంది.

"సల్లగుంది తమ్మీ" అంది. "ఎన్నాళ్లుంటదో."

కొంగుముడి విప్పి చూపించింది. చార్మినార్ ఉండవలసిన చోట నాలుగు గీతల నీడ. అంకెలు నున్నగా పోయాయి. నేను మేనల్లుడితో, "ఇప్పుడే అమ్మకురా, దాస్తే ఇంకా పిరమైతది" అన్నాను. జన్మలో నాణెం గురించి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. అక్క ఫ్యాన్ కోసం ఆడాను.

"ఏంది మామా, కమీషన్ కావాల్నా?" అని వాడు మమ్మల్నిద్దరినీ గద్వాల బస్సెక్కించాడు. తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వనపర్తి బస్టాండులో సోడా కొట్టించి తాగించాడు.

గద్వాలలో పాత వెండి కొనే సేటు భూతద్దం పెట్టి చూశాడు. పక్కనున్న తక్కెడలో పడేశాడు.

"గట్టిదానివే అవ్వా! చార్మినార్‌ను ఇంతవరకు ఎవ్వడు కూలగొట్టలేదు. నువ్వు చింతపండుతోని కూలగొట్టినవ్."

దుకాణమంతా నవ్వింది. మావాడు కూడా అర్థం కాకుండానే నవ్వి, "అయితే ఎన్ని లక్షలొస్తయి సేటూ?" అన్నాడు.

"లక్షలేంది? తూకానికి వెండి ధర ఇస్త. అరిగింది పోను."

"అక్షరం ఉండి ఉంటే?" అని నేను అడిగాను.

"ఉంటే మాట్లాడుకుందుము పెద్దమనిషీ. ఇది ఏ సాలుదో ఇప్పుడు దేవునికి కూడా తెల్వది."

అక్క తక్కెడలోంచి రూపాయి తీసుకుంది. "మా నాయన ఇచ్చింది. నేను అమ్మను" అని కొంగున ముడేసుకుంది. కొడుకు అప్పటికే బయట ఫోన్లో ఉన్నాడు: "ఏం లేదే. ఉత్త వెండి."

తిరుగు బస్సులో వాడు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. సోడా లేదు.

మేము ఇల్లు చేరేసరికి మంచం కొట్టంలో ఉంది. బొంత మడతైనా పెట్టలేదు, విసిరేశారు. ఫ్యాన్ అరుగు మీద గిర్రున తిరుగుతోంది. కోడలు దాని ముందు పల్లికాయ పోస్తూ దుమ్ము ఎగరేస్తోంది. తలెత్తలేదు. నేను గొంతు చించుకున్నాను.

"అంత రోషముంటే మీ ఇంటికి తోల్కపో మామా" అన్నాడు వాడు.

రమ్మన్నాను. అక్క రాలేదు. "తమ్ముని ఇంట్ల పడి సావనా? ఇది నా మొగడు కట్టిన ఇల్లు" అని వంగి కొట్టంలోకి పోయింది.

దీపావళికి నేను వెళ్లినప్పుడు అక్క కాసింత చింతపండు అడిగింది.

"దేనికత్తా?" అంది కోడలు. "నీ రూపాయి కంటె చింతపండే పిరం."

అక్క పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసుకుంది. కొట్టం గడపలో కూర్చొని ఉత్త బొటనవేలితో తోముతూనే ఉంది. ఈసారి నేను వద్దనలేదు.