అమ్మకు దొరికిన అన్న

మా అమ్మకు అన్నదమ్ములు లేరు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు సైకిలెక్కి ఒకాయన వచ్చాడు. ఊళ్లో ఆయన్ని సూది డాక్టరు అనేవాళ్లం.

డెంకణికోట నుంచి అడవి వైపు పోయే దారిలో మాది చిన్న ఊరు. జ్వరమొస్తే బండి కట్టుకుని హోసూరు గవర్నమెంటు ఆసుపత్రికి పోవాలి. చేల మీదికి ఏనుగులు దిగే కాలంలో ఆ మాటే ఎత్తేవాళ్లు కాదు. ఈయనైతే మన అరుగు మీదే తోలుసంచీ విప్పి, స్పిరిటు స్టవ్వు మీద సూది ఉడకబెట్టేవాడు. బెంగుళూరు మిలిటరీ ఆసుపత్రిలో పనిచేశానని చెప్పుకునేవాడు. ఏం పని అని ఎవరూ అడగలేదు. సూది వేస్తే వైద్యం, వేయకపోతే మోసం, అదీ మా ఊరి లెక్క. "ఆయప్ప హస్తవాసి మంచిది" అన్న పేరు చుట్టుపక్కల ఊళ్లకూ పాకింది.

మా తమ్ముడికి చెవులు కుట్టించాల్సి వచ్చింది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి మేనమామ కావాలి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ముక్కు చీదుతుంటే ఆయన విని, "నేను లేనామ్మా, చెల్లీ?" అన్నాడు. అన్నట్టే పుట్టింటి చీర తెచ్చాడు, తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని చెవులు కుట్టించాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు మామ. వచ్చినప్పుడల్లా అమ్మ వేడివేడిగా సంగటి కెలికి, పక్కన కూర్చుని తినిపించేది. "మాకెప్పుడూ ఇంత నెయ్యి పడలేదే" అని నాన్న ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు ఊళ్లోకి జీపు వచ్చింది. లైసెన్సు లేకుండా వైద్యం చేసేవాళ్లను పట్టుకోవడానికి వచ్చిన అధికారి అందులోంచి దిగాడు. మామ మా అరుగు మీదే ఉన్నాడు. ఆయన సంచీ అప్పటికే మా గడ్డివాములోకి పోయింది. ఈయన ఎవరని అధికారి అడిగితే అమ్మ తడుముకోలేదు.

"మా అన్న సామీ. చెల్లెల్ని చూసి పోదామని వచ్చినాడు. డాక్టరూ లేదు, ఏమీ లేదు."

నాన్న కూడా "నా బామ్మర్దే" అన్నాడు. ఊరంతా అవునంది. అమ్మ దృష్టిలో అది అబద్ధమే కాదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని చెవులు కుట్టించినవాడు అన్న కాకపోతే ఇంకెవరు?

ఆ తర్వాత వానాకాలంలో అమ్మకు జ్వరమొచ్చింది. మామ ఆమె కుడిచేతికి, మోచేతికి కాస్త పైన సూది వేశాడు. అమ్మ కేక పెట్టింది. "చెయ్యంతా మంటన్నా, తియ్యన్నా" అంది. ఆయన తియ్యలేదు, మందంతా ఎక్కించాడు. జ్వరం తగ్గింది కానీ మణికట్టు కిందికి వేలాడిపోయింది. వేళ్లు లేవలేదు. సంగటి కట్టె పట్టుకోబోతే జారి బూడిదలో పడింది. మామ వచ్చి చూసి, "నరం అలిగిందిలే, సర్దుకుంటుంది. రేపు మందు తెస్తా" అని సైకిలెక్కాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

నరం దెబ్బతినిందని, ఇక ఆశ పెట్టుకోవద్దని హోసూరు ఆసుపత్రిలో చెప్పారు. నాన్న కడుపు మండి ఆ జీపు అధికారి దగ్గరికే పోయాడు. ఆయన నాన్నను చూడగానే గుర్తుపట్టాడు. "డాక్టరు కాదు, బామ్మర్ది అని మీరే కదా చెప్పారు? ఇంటి గొడవ ఇంట్లోనే చూసుకోండి" అన్నాడు. సాక్ష్యానికి రమ్మంటే ఊళ్లోనూ ఎవరూ కదల్లేదు, మీ చుట్టం మీ ఇష్టం అన్నారు. నమ్మి చెడినవాళ్లు లేరంటారు. ఆ మాట అన్నవాళ్లు మా అమ్మ చేతిని చూడలేదు.

కొన్నేళ్లకు నా పెళ్లిబట్టల కోసం అమ్మా నేనూ కృష్ణగిరి పోయాం. బజారు పక్క సందులో ఒక గది ముందు బిడ్డల్నెత్తుకుని ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. లోపల మామ. ఇప్పుడు మెళ్లో డాక్టరు గొట్టం కూడా వేలాడుతోంది. నలుగురిలోకి పోతే అమ్మ ఆ చేతిని కొంగు కింద దాచుకునేది. అప్పుడూ దాచుకునే ఉంది.

"అన్నా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా అన్నా ఏమిటి?

ఆయన తలెత్తి చూశాడు. "ఎవురమ్మా నువ్వు? వరుసలో రావల్ల. ఆ కుడిచెయ్యికి ఒక సూది వేస్తే సరిపోతుంది" అన్నాడు.

అమ్మ కొంగు తీసి, వేలాడే చేతిని ఎడమచేత్తో పైకెత్తి ఆ ఆడవాళ్లకు చూపించింది.

"ఈయన నాకు అన్న కాడు. డాక్టరూ కాడు. అన్న అని అబద్ధం చెప్పి నేనే కాపాడినాను. నా చెయ్యి తీసినాడు."

తెలుగులో చెప్పి, మళ్లీ అరవంలో చెప్పింది. చంకలో బిడ్డ ఉన్న ఒకామె మాత్రం వరుస వదిలి మా వెంట వచ్చేసింది. మిగతావాళ్లు ఆమె ఖాళీ చేసిన చోటికి జరిగారు.

బస్సు కోసం నిలబడినప్పుడు అమ్మ అడిగింది. "నిజంగానే నన్ను గుర్తుపట్టలేదంటావా?"

"చెయ్యి కొంగు కింద ఉండె కదమ్మా. కుడిచెయ్యికే జబ్బని ఆయనకెట్ల తెలిసె?" అన్నాను.

అమ్మ ఊరొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. చెయ్యి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.