మొహానికి కట్టిన గుడ్డ

కోటేశ్వరి మొహం పగటిపూట ఎవరికీ కనిపించదు. కళ్ళు రెండే కనిపిస్తాయి, మిగతాదంతా పాత చీర చింపిన గుడ్డ కింద ఉంటుంది. సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్ళే దారిలో, కోల్డ్ స్టోరేజీల వెనకున్న రేకుల షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పని ఆమెది. గుడ్డ లేకుండా అక్కడ కూర్చుంటే ఏమవుతుందో తెలియాలంటే ఒక్కసారి ఆ గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి చూడండి, చాలు. నలభై మంది ఆడవాళ్ళు, నలభై గుట్టలు, పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఒకటే పని. మాట్లాడాలంటే గుడ్డ జరపాలి, జరిపితే ఘాటు గొంతులోకి దిగుతుంది. అందుకని ఎవరూ మాట్లాడరు. ఇంతమంది ఆడవాళ్ళు ఒకచోట చేరి నోరెత్తని చోటు భూమ్మీద ఇదొక్కటేనని మేస్త్రి ఫిలిప్ హాస్యమాడుతుంటాడు. వాడికేం, వాడు బయట వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

ఆ షెడ్డుకే కోటేశ్వరి కూతురు భవ్య ఎనిమిది నెలల పసిపిల్లగా వచ్చింది. ఇంటి దగ్గర ఎవరికి ఒప్పజెప్పి రావాలి? అత్త పోయింది. తల్లి ఎక్కడో చీరాల అవతల ఉంటుంది. మొగుడు యలమంద గుంటూరు మిర్చి యార్డులో హమాలీ, పొద్దు పొడవకముందే బస్సెక్కుతాడు. గుమ్మం పక్కన, గాలి బయటికి పోయే చోట చాప పరిచి పిల్లను కూర్చోబెట్టేది. పిల్లన్నాక ఒకచోట కూర్చుంటుందా? పాకుతూ తల్లి దగ్గరకే వస్తుంది. ఒకరోజు అట్లాగే వచ్చి, ఎర్రగా కనిపించిన గుట్టలో రెండు చేతులూ పెట్టి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంది.

ఆ ఏడుపు కోటేశ్వరికి ఇవాళ్టికీ చెవుల్లో ఉంది. లేచి పరుగెత్తింది, కానీ ఎత్తుకోలేకపోయింది. ఆమె చేతులనిండా మిరప కారమే కదా, ముట్టుకుంటే ఇంకా మంట. షెడ్డులో ఎవరి చేతులు చూసినా అంతే. కన్నతల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ ముందు నిలబడి తానూ ఏడ్చింది. చివరికి రోడ్డు మీద టీ అమ్ముకునే నాగూర్ వలి వచ్చి పిల్లను ఎత్తుకుని, పంపు కింద కళ్ళు కడిగి, టీకి పెట్టుకున్న పాలతో తుడిచాడు.

ఆ మర్నాడే పిల్ల ముందుకు ఫోను వచ్చింది. యలమంద పాత ఫోను, ఒక మూల పగిలింది. కారం తగలకుండా దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పొద్దున కాయ ముట్టుకోకముందే బొమ్మల పాటలు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే వచ్చేట్టు చేసి పిల్ల ముందు గోడకు ఆనించేది. అంతే! పిల్ల కదిలితే ఒట్టు. ఏడుపు లేదు, పాకడం లేదు. కోటేశ్వరికి ప్రాణం లేచొచ్చింది.

"నీ కూతురు బంగారమే. మా పిల్లలు రాచ్చసులు," అన్నారు తోటివాళ్ళు.

రెండేళ్ళు దాటేసరికి బంగారం ఇంగ్లీషు మాట్లాడింది. వన్, టూ, త్రీ అని పది దాకా గడగడా చెప్పింది. "ఓ నో!" అని బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. యలమంద ఆనందానికి పట్టపగ్గాల్లేవు. యార్డులో బస్తా దించి చెమట తుడుచుకుంటూ, "మా పిల్ల తెలుగు ముట్టుకోదురా! పుట్టడమే కాన్వెంటులో పుట్టింది," అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. జీవితంలో తలెత్తుకుని చెప్పుకోవడానికి వాడికి దొరికిన మొదటి సంగతి అది. పాపం, ఎట్లా తప్పు పడతాం?

మూడేళ్ళు నిండాక అంగన్‌వాడీలో పేరు రాయించడానికి తీసుకువెళ్ళింది కోటేశ్వరి. టీచరు పిల్లను పిలిచింది. పిల్ల తిరగలేదు. మళ్ళీ పిలిచింది. గోడ మీద రంగుల బొమ్మను చూస్తూ కూర్చుంది గాని తిరగలేదు.

"నీళ్ళు కావాలంటే ఏమని అడుగుతుందమ్మా?"

"అడగదండి. నా చెయ్యి పట్టుకుని బిందె కాడికి లాక్కుపోద్ది."

"అమ్మా అని పిలుస్తుందా?"

పిలవదా ఏంటి, పిలుస్తుంది, అనబోయి కోటేశ్వరి ఆగిపోయింది. ఎప్పుడు పిలిచింది? నిన్న? సంక్రాంతికి? జ్వరం వచ్చినప్పుడు? మనసంతా వెతుక్కుంది. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. మూడేళ్ళుగా పిల్ల తనను పిలవలేదన్న సంగతి ఇంకొకరు అడిగితేగాని తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

గుంటూరులో పిల్లల డాక్టరమ్మ దగ్గర చెవుల పరీక్ష చేయించారు. చెవులు బాగానే ఉన్నాయి. ఫోను ఎంతసేపు చూస్తుందని అడిగింది ఆవిడ.

"ఎంతండీ, ఒక గంట..." అన్నాడు యలమంద.

"అబద్ధం చెప్పబాక," అంది కోటేశ్వరి. "పొద్దున్నించి సాయంత్రం దాకానండి. ఇంటికాడ అన్నం తినేప్పుడు కూడా."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అంతా ఫోను వల్లేనని నేను చెప్పనమ్మా, ఇంకేదన్నా ఉందేమో నిదానంగా చూద్దాం. ముందు మాత్రం పిల్లకు మనుషులు కావాలి. ఫోను మాట్లాడుతుందిగాని వినదు. పిల్ల ఊఁ అంటే తిరిగి ఊఁ అనేవాళ్ళు ఉండాలి. మీ మొహం చూడాలి, మీ నోరు కదలడం చూడాలి. మిమ్మల్ని చూసి ఏదో ఒకటి, ఏదైనా సరే, మీరు చేసినట్టు చెయ్యడం మొదలెట్టిందంటే దారి పడ్డట్టే. మూడు నెలలాగి తీసుకురండి," అంది.

నోరు కదలడం చూడాలి. ఆ ఒక్క ముక్కే కోటేశ్వరి చెవుల్లో పడింది. తన నోరు గుడ్డ కింద ఉంటుందే! సాయంత్రం ఇంటికి చేరేసరికి చేతుల మంట, వంట, స్నానం, ఆ తర్వాత మాట్లాడే ఓపిక ఎక్కడిది? ఈ పిల్ల తల్లి నోటిని ఎప్పుడు చూసింది?

ఇంటికొచ్చాక మొగుడూ పెళ్ళాం ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు.

"ఒక్కసారిగా మానిపిస్తే బెంగెట్టుకుంటది. రోజుకో గంట ఇద్దాం," అన్నాడు యలమంద.

"గంటంటావు, అది రెండైద్ది. అసలొద్దు."

"అసలొద్దంటే నువ్వు షెడ్డులో ఎట్టా కూర్చోబెడతావే? మళ్ళీ కాయల్లో చేతులు పెట్టుద్ది. అంగన్‌వాడీలో ఏద్దామంటే నువ్వొచ్చేలోగా మూసేస్తారు. పని మానేస్తావా?"

మానడం కుదరదు. ఇద్దరికీ తెలుసు. చివరికి ఒక మాట అనుకున్నారు: షెడ్డులో ఫోను లేదు. అన్నం దగ్గర లేదు. సాయంత్రం అరగంట, అదీ తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొమ్మ కనిపించినప్పుడల్లా దాని పేరు తెలుగులో చెబుతూ.

నాలుగు రోజులైనా నిలబడలేదు ఆ ఒప్పందం. షెడ్డులో భవ్య చాప మీద పడి కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చింది. తల నేలకేసి బాదుకుంది. చాప దాటి రాకుండా పిల్ల నడుముకు పాత చీర ముక్క కట్టి స్తంభానికి కట్టింది కోటేశ్వరి. గొడ్డును కట్టేసినట్టే. రెండోరోజు ఫిలిప్ లోపలికి వచ్చి, "ఏందమ్మా ఈ గోల, చెవులు చిల్లులు పడుతున్నయ్. ఫోనన్నా ఇయ్యి, ఇంటికన్నా పో," అన్నాడు. మూడోరోజు ఫోను ఇచ్చేసింది. అదే సాయంత్రం ఇంట్లో చూస్తే యలమంద చాప మీద పడి నిద్రపోతున్నాడు. వాడి పొట్ట మీద ఫోను, ఫోను మీద పిల్ల కళ్ళు.

"నీకు సిగ్గు లేదూ?" అని ఎగిరింది కోటేశ్వరి.

"నూటిరవై బస్తాలు మోశానే ఇవాళ," అన్నాడు యలమంద కళ్ళు తెరవకుండానే. "నోట్లోంచి మాట రావట్లా. పిల్లకేం చెప్పమంటావు? నువ్వు మాత్రం పొద్దున ఇయ్యలా?"

కోటేశ్వరి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది.

మర్నాడు షెడ్డుకు రాగానే కోటేశ్వరి తన గుట్టను గుమ్మం దగ్గరకు, పిల్లకు నాలుగు బారల దూరంలోకి జరుపుకుంది. ఫోను సంచిలోనే ఉంచింది. మొహానికున్న గుడ్డ విప్పి పక్కన పెట్టింది.

పక్క గుట్ట లాల్‌బీది. అరవై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని. ఆమె గొంతు ఎప్పుడో పోయింది, చాటలో నూకలు ఆడినట్టు గరగరమంటుంది. "పిచ్చిదానా, కట్టుకో! గుడ్డ కట్టుకున్నా నా గొంతిట్టా అయింది. విప్పితే నువ్వేమైపోతావే?"

"డాక్టరమ్మ నా నోరు పిల్లకు కనపడాలందత్తా."

"ఆమె ఈ షెడ్డు చూసిందా?"

కోటేశ్వరి వినలేదు. కాయ ఎత్తి పిల్లకు చూపించింది. "భవ్యా, ఇదిగో కాయ. ఇది తొడిమ. టక్! పోయింది." పిల్ల ఏడుస్తూనే ఉంది. "ఇంకో కాయ. టక్! పోయింది." రోజంతా అదే. కాకి వస్తే కాకి, లారీ పోతే లారీ, నాగూర్ వలి టీ తెస్తే మామయ్య. మధ్యమధ్యలో దగ్గు. కళ్ళలో నీళ్ళు కారి బుగ్గలు మండేవి, తుడుచుకోవడానికి చేతులు పనికిరావు. వారం గడిచేసరికి పిల్ల ఏడుపు తగ్గింది. కానీ ఆ చూపు తల్లి మీదికి రాలేదు, ఎటో గోడ మీదే ఉండేది, ఫోను ఉండాల్సిన చోట. ఆ గోడను చూస్తే కోటేశ్వరికి ఒళ్ళు మండేది.

యలమంద కూడా మారాడనే చెప్పాలి. సాయంత్రాలు పిల్లను భుజం మీద వేసుకుని వీధిలో తిప్పేవాడు. ఫోను సంచిలో పెట్టి దూలానికి కట్టాడు. నిద్ర ముంచుకొస్తే నిలబడే జోగేవాడుగాని సంచి దించలేదు.

ఎండలు ముదిరాయి. చైత్రం పోయి వైశాఖం వచ్చేసరికి కోటేశ్వరి గొంతు బొంగురుపోయింది. తర్వాత సగం సగం మాటలే వచ్చేవి. యలమంద పసుపు పాలు కాచి ఇచ్చాడు. "గుడ్డ కట్టుకోవే, దణ్ణం పెడతా," అని బతిమాలాడు. ఇంకో నెల, అన్నట్టు వేలు చూపించింది. మూడు నెలలు నిండటానికి రెండు రోజులుందనగా పొద్దున లేచేసరికి గొంతులో గాలి తప్ప ఏమీ లేదు.

అయినా షెడ్డుకు వెళ్ళింది. కాయ ఎత్తింది, తొడిమ చూపించింది, పెదాలు కదిపింది. మాట రాలేదు. దగ్గు తెర వచ్చింది. ఒంగిపోయి, గుండె మీద మోచెయ్యి అదుముకుని, పేగులు తెగిపోయేట్టు దగ్గింది.

చాప మీద నుంచి భవ్య దగ్గింది.

ఘాటు పిల్ల దాకా పోయింది, అయిపోయింది అనుకుంది కోటేశ్వరి. చేతులు వెనక్కి పెట్టుకుని పరుగెత్తి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడింది. పిల్ల కళ్ళు ఎర్రబడలేదు, ముక్కు కారడం లేదు. ఆ కళ్ళు గోడ మీద లేవు, తల్లి నోటి మీద ఉన్నాయి. కోటేశ్వరికి ఇంకోసారి దగ్గు వచ్చింది. పిల్ల ఒంగి, చిన్న మోచెయ్యి గుండెకు ఆనించుకుని, అచ్చం అట్లాగే ఖళ్ ఖళ్ అంది. అని, తర్వాత ఏంటన్నట్టు చూసింది.

ఏదైనా సరే అంది కదా డాక్టరమ్మ. తల్లి దగ్గర ఈ పిల్ల నేర్చుకున్న మొదటిది దగ్గు. కోటేశ్వరికి సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే పొంగుకొచ్చి, ఏది ఏదో తెలియలేదు. ఇంత కాలానికి చూసిందమ్మా పిల్ల, ఇదే అదును. మొహం దగ్గరగా పెట్టింది. 'అమ్మ' అంది. పెదాలు కలిసి విడివడ్డాయి, చప్పుడు లేదు. గొంతును బలవంతాన పిండింది. గాలే వచ్చింది.

వెనక నుంచి లాల్‌బీ మొహం మీది గుడ్డ కిందికి లాగి, తన గరగర గొంతుతో, "అమ్మ అనవే తల్లీ, అమ్మ!" అని అరిచింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేతులాపి చూశారు. భవ్య అటు తిరగలేదు. తల్లి నోటినే చూస్తోంది.

కోటేశ్వరి మళ్ళీ అంది. భవ్య పెదాలు రెండూ గట్టిగా కలిపి, మెల్లగా విడదీసింది. మళ్ళీ కలిపింది, మళ్ళీ విడదీసింది. తల్లి ఎట్లా అందో అట్లాగే అంది. చప్పుడు లేదు.