పేలని తూటా

భివండీలోని మా కనేరి పేటలో కరెంటు పోతే మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. చప్పుడు ఆగిన ఆ క్షణంలో నా కుడి భుజం ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. వెంటనే ఓదెలు మామ గుర్తుకొస్తాడు. మాకు రక్తసంబంధమేమీ లేదు. పొట్ట చేతపట్టుకొని తెలంగాణ నుంచి మావాళ్లతో భివండీ వచ్చిన నాకు చిన్నప్పుడే పోగు అతకడం నేర్పిన మేస్త్రీ ఆయన. వయసులో ఉండగా ఊరి దొర వేటకు పోతే వెంట తుపాకులు మోస్తూ అడవులన్నీ తిరిగినవాడు.

సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకున్నాక నాకు తుపాకీ కాల్చే పిచ్చి పట్టింది. లైసెన్సు వచ్చింది. తెలంగాణలోని మా ఊళ్లో పంటలు పాడుచేస్తున్న అడవిపందులను కాల్చడానికి సర్కారు అనుమతించిన వాళ్లలో నా పేరూ చేరింది. రైఫిల్ కొనడానికి మామను వెంటబెట్టుకొని ముంబై వెళ్లాను. దుకాణంలో అన్నిటికన్నా పెద్ద తూటా పట్టేదాని మీదే నా కన్ను పడింది. మామ పక్కనున్న మధ్యరకం చూపించాడు. పందికి అది చాలు, నీ భుజానికీ అదే చాలు అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గాల మోతలో బతికినవాణ్ణి, తుపాకీ మోతకు జడుస్తానా అని పెద్దదే కొన్నాను.

ఫైరింగ్ రేంజిలో రెండుసార్లు కాల్చాక మూడో తూటా మామే నింపి ఇచ్చాడు. ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. అయినా భుజం గుంజుకుంది, కళ్లు మూతపడ్డాయి, తుపాకీ గొట్టం కిందికి వాలింది. ఆయన పెట్టింది అంతకుముందే కాల్చేసిన ఖాళీ తూటా.

“చూసినవా అల్లుడా? నువ్వు చప్పుడుకు భయపడుతలేవు, భుజానికి తగిలే దెబ్బకు భయపడుతున్నవ్. గట్ల కన్ను మూస్తే తుపాకీ ఎంత పెద్దదైతే ఏంది?”

రైఫిల్ మార్చుకొమ్మన్నాడు. నలుగురిలో పరువు తీశావని ఆయన మీదే మండిపడ్డాను.

కబురొస్తే మామతో కలిసి ఊరికి పోయాను. పత్తిచేను గట్టున పంది కనిపించింది. నొక్కే ముందే కళ్లు మూసుకున్నానని నాకు తెలుసు. తూటా పొట్టలో తగలగానే పంది చేలోకి దూరింది. పోనీ, అదే చస్తుందిలే అన్నారు రైతులు. మామ ఒప్పుకోలేదు. మర్నాడు ఆ చేలోనే పత్తి ఏరడానికి ఆడవాళ్లు దిగుతారు. గాయపడ్డ పంది ఎవరి మీదికైనా వస్తుంది.

“నువ్వే కాల్చినవ్, నువ్వే ముగించాలె. నేను పక్కనే ఉంట.”

ఆయన చేతిలో కట్టె కూడా లేదు. నెత్తుటి చుక్కలు చూస్తూ సాలు వెంట అడుగులో అడుగు వేశాం. ఎడమవైపు ఆకులు కదిలాయి. పంది నేరుగా మామ మీదికే వచ్చింది. ఈసారి కళ్లు తెరిచే నొక్కాను. పంది పడింది గానీ, పడేలోపే దాని కోర ఆయన పిక్కను చీల్చేసింది. తువ్వాలతో కట్టు కడుతూ ఏడ్చాను. ఆయన నన్ను తిట్టినా బాగుండేది. బతికినన్నాళ్లూ మగ్గాల మధ్య కుంటుతూనే తిరిగాడు. అడిగినవాళ్లకు మెట్ల మీద జారానని చెప్పేవాడు.

పెద్ద రైఫిల్ వదిలేసి మధ్యరకందే తెచ్చుకున్నాను. ఊరి నుంచి కబురు వచ్చినప్పుడల్లా ముందు రేంజికి పోయి, తూటాలు నింపే పని తోటివాడికి అప్పగిస్తాను. మామ నాడు చేసినట్టే ఒక ఖాళీ తూటా ఇచ్చి, నాకు తెలియకుండా వాటి మధ్య ఎక్కడో ఒకచోట పెట్టమంటాను. భుజం ఒక్కోసారి ఇంకా ఉలిక్కిపడుతుంది. అలా ఉలిక్కిపడిన రోజు ఊరికి ఫోన్ చేసి, ఇంకొకరిని పిలుచుకోమంటాను. ఎందుకని అడిగితే మెట్లూ గిట్లూ అని సాకులు చెప్పను. భయమేస్తోందనే చెబుతాను.