ఇబ్రహీంపట్నం దారిలో మూడు కాలేజీలు, ఒక బీరువా

మీర్‌పేట్‌లో వినికిడి లోపం ఉన్న పిల్లల బడి ఒకటుంది. అందులో నాలుగేళ్ల కింద ఆయాగా చేరాను, ఇప్పుడు సగం పాఠాలు నేనే చెప్తున్నాను. పోయిన నెల మా ప్రిన్సిపాల్ మేడం పిలిచి, జూన్ నుంచి స్పెషల్ బీఎడ్ చదివినవాళ్లు, లేదంటే కనీసం ఈ ఏడాది చేరినట్టు రసీదు ఉన్నవాళ్లు మాత్రమే తరగతిలోకి రావాలని చెప్పారు. ఆయాగా అయితే ఉండొచ్చట. అంటే పిల్లల ముక్కులు తుడవడానికి పనికొస్తాను, మాట నేర్పడానికి పనికిరాను! ఒళ్లు మండింది. అయినా నెలంతా సెలవు దొరక్క, చవకైన కాలేజీ కోసం సరిగ్గా అడ్మిషన్ల ఆఖరి రోజున బయలుదేరాను. మీరు మాత్రం ఇలా చేయకండి.

ఉదయం ఎనిమిదింటికి ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి హయత్‌నగర్‌కు బస్సు. రెండింటికీ కలిపి నలభై రూపాయలు. మొదటి కాలేజీ ఫీజు ఏడాదికి డెబ్బై వేలు. అది విని గుండె జారింది గానీ అసలు దెబ్బ వేరే. స్పెషల్ బీఎడ్ అంటే అన్ని రకాల పిల్లలకూ కలిపి ఒకే కోర్సు అనుకున్నాను. కాదు, ఏ లోపం ఉన్న పిల్లలకు చెప్తామో దానికి విడిగా గుర్తింపు ఉండాలి. వాళ్ల దగ్గర బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోర్సు ఒక్కటే ఉంది. ఫోన్లోనే అడగాల్సిన ప్రశ్న, నా బుర్రకు తట్టలేదు.

వెనక్కి ఎల్బీనగర్ వచ్చి సాగర్ రోడ్డు బస్సెక్కాను. తుర్కయాంజాల్ దాటాక రెండు పక్కలా ప్లాట్ల బోర్డులే. పన్నెండున్నరకు ఇబ్రహీంపట్నంలో దిగి ఆటో మాట్లాడుకుంటే, కాలేజీ పేరు వినగానే డ్రైవర్ నవ్వాడు. "గా కాలేజీకా అక్కా? పరీక్షలప్పుడు మస్తు మంది వస్తరు. మామూలు రోజుల్ల మనిషి కనవడడు." నేనూ నవ్వాను. నవ్వకుండా అక్కడే దిగిపోవాల్సింది.

గేటు మీద నాకు కావాల్సిన కోర్సు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. ఫీజు ముప్పై ఐదు వేలు. మా బడి సంగతంతా చెప్తే మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "క్లాసులకు రావాల్సిన పనే లేదమ్మా. నీ నౌకరీ నువ్వు చేసుకో, హాజరు మేం చూసుకుంటం. ఒరిజినల్స్ ఇస్తే సీటు నీదే." ఉద్యోగం మానకుండా డిగ్రీ! నా ఆశ నన్ను ముంచింది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఆరు కాగితాలూ ఇచ్చేశాను. కౌంటర్‌లోని అమ్మాయి తలెత్తకుండా వాటిని తీసుకుని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది. రసీదు భోజనమయ్యాక ఇస్తామని చెప్పి మేనేజర్ బండెక్కి వెళ్లిపోయాడు.

క్యాంటీన్‌లో వంట చేసే యాదమ్మ అన్నం, పప్పుచారు పెడుతూ అడిగింది. "ఏం కోర్సు బిడ్డా?"

"స్పెషల్ బీఎడ్."

గరిటె ఆగింది. "ఒరిజినల్స్ ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఎందుకిచ్చినవ్? నా బిడ్డ గీడనే చదివింది. పాసైంది, కాయితం ఇచ్చిండ్రు. నౌకరీకి పోతే, టీచర్లకు సర్కారు కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్ అడిగిండ్రు. నంబరే రాలే. కాలేజీకి గుర్తింపు ఎప్పుడో పోయిందంట, మాకు చెప్పలే."

"ఇప్పుడేం చేస్తుంది?"

"నీ సర్టిఫికెట్లు తీసుకున్నదెవరనుకున్నవ్? గామెనే, మా సునీత."

అప్పటికి టైం రెండున్నర కావస్తోంది. ఆఖరికి చూద్దామని దారిలో వదిలేసి వచ్చిన మూడో కాలేజీ తుర్కయాంజాల్‌లో ఉంది, అక్కడ నాలుగింటికి అడ్మిషన్లు ఆపేస్తారు. చెయ్యి కడుక్కుని కౌంటర్‌కు పరుగెత్తాను.

"సార్ వస్తేనే ఇస్తం అక్కా. నాలుగున్నరకు వస్తడు," అంది సునీత.

"నాలుగింటికి నా పని ఖతమైతది. మీ అమ్మ అంతా చెప్పింది. అన్నీ తెలిసి ఎట్ల తీసుకున్నవ్?"

ఆమె రిజిస్టర్ వంకే చూస్తూ మెల్లగా అడిగింది. "మీ బడిల పిల్లలు మాట్లాడతరా?"

"ఒక పిల్ల మొన్న నన్ను అక్కా అన్నది. రెండేండ్లు పట్టింది."

సునీత సొరుగులోంచి తాళంచెవి తీసింది. బీరువా తెరిచి నా కాగితాలు చేతిలో పెట్టింది. "లెక్కపెట్టుకో." ఆరూ ఉన్నాయి.

"మరి నీవి?"

"గా కింది అరల. డిగ్రీది, బీఎడ్‌ది, అన్ని. తీసుకపోయి ఏం జేస్త అక్కా, బీఎడ్‌కు నంబరే లేదాయె."

"సార్ ఏమంటడు?"

"అరుస్తడు. రోజూ అరుస్తడు. నువ్ పో జల్ది."

బొంగ్లూరు దగ్గర టిప్పర్లు అడ్డంగా నిలిచి బస్సు పావుగంట కదల్లేదు. నా ప్రాణం నా దగ్గర లేదు. దిగి జామ్ దాటేదాకా నడిచి, షేర్ ఆటో పట్టుకుని నాలుగుకు ఐదు నిమిషాలుండగా చేరాను. ఫీజు యాభై వేలు, వాయిదాల్లో కట్టొచ్చు. రోజూ క్లాసుకు రావాల్సిందే, కాబట్టి బడిలో సాయంత్రం పూట పని అడగాలి. నా కోర్సుకు గుర్తింపు పత్రం గోడకే అంటించి ఉంది. అక్కడి మేడం ఒరిజినల్స్ అడిగితే నా వేళ్లు ఫైలు వదల్లేదు. "చూసి ఇచ్చేస్తామమ్మా," అని ఆమె నవ్వింది. నిజంగానే వెంటనే ఇచ్చేసింది. రసీదు చేతికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మూడు కాలేజీలను నేను ఫీజుతోనే కొలిచాను. ముప్పై ఐదు వేల చదువుకు సునీత ఎంత పెట్టిందో ఆ కౌంటర్ దగ్గర నిలబడితే గానీ తెలియలేదు. మీరు వెళ్తే జిరాక్సులే ఇవ్వండి, కిందటి బ్యాచ్‌లో పాసైన ఇద్దరి రిజిస్ట్రేషన్ నంబర్లు చూపించమనండి, నసిగితే లేచి వచ్చేయండి. తుర్కయాంజాల్ కాలేజీ నుంచి బయలుదేరేముందు నేను ఇంకో అడ్మిషన్ ఫారం కొన్నాను. వచ్చే ఏడాదికీ అదే చెల్లుతుందట. వచ్చే వారం ఆ క్యాంటీన్‌కు వెళ్లి యాదమ్మ చేతిలో పెడతాను. దానికి సునీత డిగ్రీ ఒరిజినల్ కావాలి. అది కింది అరలో ఉంది, తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.