ఊపిరి పని

నా చిన్నప్పుడు గాలికి నేను భయపడినంతగా మా వీధిలో ఎవరూ దేనికీ భయపడి ఉండరు. నాకు దమ్ము ఉండేది. ఉబ్బసమని పుస్తకాల్లో రాస్తారు గానీ మా ఇంట్లో దాన్ని దమ్మనే అనేవారు. చలిగాలి తగిలినా, చీపురు దుమ్ము లేచినా, ఎవరింట్లోనో పోపు ఘాటు వచ్చినా నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. మృగశిర కార్తెకు చేపమందు మింగించారు. డాక్టరు రాసిన మాత్రలు పూటపూటా వేశారు. మా నాయనమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో పడేసి, ఆ పొగతో నాకు మళ్ళీ దమ్ము తెప్పించింది. బడికి వెళ్ళిన రోజులకంటే కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు ఆనుకుని కూర్చున్న రోజులే ఎక్కువ. జబ్బుకంటే దాని భయం పెద్దది. ఒళ్ళు బాగున్న రోజున కూడా, తర్వాతి ఊపిరి వస్తుందో రాదోనని దానికి కాపలా కాస్తూ కూర్చునేదాన్ని.

అప్పట్లో మేము మారేడ్‌పల్లిలో ఉండేవాళ్ళం. నా కిటికీలోంచి పక్కింటి వాకిలి కనిపించేది. ఆ ఇంట్లో పళ్ళ డాక్టరు గారు, ఆయన భార్య ఉండేవారు. చీనా దేశపు మూలాలవాళ్ళు. ఆయన తాతల కాలం నుంచే సికింద్రాబాద్‌లో ఉన్నవారు. ఆమె మాత్రం కలకత్తాలో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చింది. మా వైపు పళ్ళను పండ్లంటాం కదా, చిన్నపిల్లలం ఆయన్ను మామిడిపండ్లకు, జామపండ్లకు వైద్యం చేసే డాక్టరనుకునేవాళ్ళం. అలా ఆమె మాకు పండ్లమ్మ అయింది. ఆమె కూడా ఆ పేరుకే నవ్వుతూ పలికేది. కూరగాయల బండివాడితో బేరమాడుతూ నేర్చుకున్న తెలుగు ఆమెది. కళ్ళు మూసుకుని వింటే మా మేనత్త మాట్లాడినట్టే ఉండేది.

రోజూ పొద్దున్నే పండ్లమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడేది. మోకాళ్ళు కాస్త వంచి, కనపడని దాన్నేదో కౌగిలించుకున్నట్టు రెండు చేతులూ ఛాతీ ముందు గుండ్రంగా పట్టుకుని, కదలకుండా ఉండేది. ఆ తర్వాత నీళ్ళలో కదిలిస్తున్నట్టు చేతులు మెల్లగా పైకెత్తి, మెల్లగా దించేది. మంచం మీద కూర్చుని నేనూ అలాగే చేతులు ఎత్తి దించేదాన్ని. ఒకరోజు ఆమె నన్ను చూసింది. మధ్యాహ్నం మా అమ్మ దగ్గరకు వచ్చి, పిల్లను పొద్దున్నే కాసేపు తన దగ్గరకు పంపమని అడిగింది.

నాయనమ్మకు అది బొత్తిగా నచ్చలేదు. "దాన్నేమంటరు?" అని అడిగింది. ఛీగుంగ్ అంటారని పండ్లమ్మ చెప్పింది. ఛీ అంటే ఊపిరి, గుంగ్ అంటే పని, రెండూ కలిస్తే ఊపిరి పని అని విడమరిచింది కూడా. నాయనమ్మ మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"ఛీ అనుకుంట మొదలువెట్టేది ఏం విద్యనో ఏమో!"

"ఊకె నిలబడుడే గదా అత్తమ్మా. నిలబడనియ్యుండ్రి," అంది మా అమ్మ. నా మందుల్లో ఒక్కటి కూడా మానకూడదని పండ్లమ్మ గట్టిగా చెప్పాకే నాయనమ్మ సరేనంది.

ఏదో గొప్ప మంత్రం నేర్పుతుందనుకుని వెళ్ళాను. ఆమె నన్ను వాకిట్లో ఇటుకల మీదున్న రంజన్ దగ్గరకు తీసుకెళ్ళింది. వేసవిలో నీళ్ళు చల్లబడటానికి పెట్టుకునే పెద్ద మట్టికుండ అది, అంచుదాకా నిండి ఉంది. దాన్ని కౌగిలించుకోమంది. చెంపకు, చేతులకు చల్లగా తగిలింది. లోపలికి తొంగిచూస్తే, నేను ఊపిరి విడిచినప్పుడల్లా నీటి మీద ముడతలు లేస్తున్నాయి. "ఆ నీళ్ళు కదలకుండ జూడు," అంది. ఎంతసేపు చూశానో తెలియదు. నీళ్ళు నిలకడగా అయ్యేసరికి నా ఊపిరి కూడా నెమ్మదించి ఉంది. అప్పుడు నన్ను భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి జరిపింది, చేతులు అలాగే ఉంచమని చెప్పి. "ఇప్పుడు కుండ లేదు. నీళ్ళు మాత్రం ఉన్నయ్. ఒలకనియ్యకు." నా రెండు చేతుల మధ్య ఏమీ లేదు. అయినా నిజంగా బరువుగానే అనిపించింది.

అదే పాఠం. తర్వాత నెలల తరబడి అదే. నిలబడటం, చేతులు ఎత్తడం, దించడం, ఊపిరిని సన్నగా బయటికి వదలడం. నేను లోపలికి గాలి లాక్కోవడానికి ఎగబడితే ఆమె నవ్వి, "దాన్ని గుంజకు బిడ్డా. బయటికి పంపు. లోపలికి అదే ఒస్తది, దానికి తొవ్వ ఎరుకే," అనేది. పద్నాలుగో పదిహేనో ఏట తనకు క్షయ వస్తే వాళ్ళ నాన్న తనను ఇలాగే పొద్దున్నే నిలబెట్టేవాడని, మందులు వ్యాధిని చూసుకుంటే ఇది తనను చూసుకుందని ఒకసారి చెప్పింది. నా పిల్లికూతలు పూర్తిగా పోలేదు. కాళ్ళకు మాత్రం బలం వచ్చింది, ఆకలి పెరిగింది, మళ్ళీ బడికి వెళ్ళసాగాను.

మరుసటి ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం, వెనక వీధిలో ఏడాదికి సరిపడా కారం దంచడం మొదలుపెట్టారు. గాలి ఇటు తిరిగింది. నేను వాకిట్లో ఉన్నాను. రెండు దగ్గులు వచ్చాయి, అంతే, ఛాతీ బిగుసుకుపోయింది. అంత గట్టి దమ్ము అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాన్న ఆఫీసులో ఉన్నాడు. అమ్మ కేక వేసింది. నాయనమ్మ నా వీపు చరుస్తూ ఏడుపు మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళ ముఖాలు చూస్తే నేను చచ్చిపోతున్నానని అర్థమైంది.

గోడ అవతలి నుంచి పండ్లమ్మ వచ్చింది. పరుగెత్తుతూ రాలేదు, నడుస్తూనే వచ్చింది. అమ్మను రిక్షా కోసం పంపింది. "జెర జరగుండ్రి, పిల్లకు గాలి ఆడనియ్యుండ్రి," అని అందరినీ పక్కకు పంపి, నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి, ఘాటు రాకుండా తలుపు వేసి, నా ఎదురుగా కూర్చుంది. నా చేతులను తన చేతుల్లోకి తీసుకుని గుండ్రంగా పట్టుకుంది.

"పరేషాన్ గాకు. నన్ను జూడు. నీళ్ళు ఒలుకుతున్నయ్, ఒలకనియ్యి. బయటికి పంపు."

నేను ఆమె పెదవులనే చూశాను. అవి సున్నాలా చుట్టుకుని మెల్లగా ఊదుతున్నాయి. ఎంతకూ నాకు చేతకాలేదు. ఆమె విసుక్కోలేదు. మళ్ళీ ఊదింది. ఆమె ముఖంలో నేను చచ్చిపోతున్న జాడ ఎక్కడా లేదు. ఆ ముఖాన్ని నమ్మి ఊదాను. కాస్త గాలి బయటికి పోయింది, కాస్త లోపలికి వచ్చింది. రిక్షా వచ్చేదాకా, అందులో డాక్టరు దగ్గరకు చేరేదాకా ఆమె నా ఎదుట అలాగే ఊదుతూ ఉంది. సూది వేశాక డాక్టరు, పిల్ల బెదిరిపోకుండా ఉండటం మేలైందని అమ్మతో అన్నాడు.

మరుసటి రోజు పొద్దున మా నాయనమ్మ ఇత్తడి గ్లాసులో ఛాయ్ తీసుకుని పక్కింటికి వెళ్ళింది. పండ్లమ్మ నిలబడటం పూర్తయ్యేదాకా ముక్కాలి పీట మీద కూర్చుని ఎదురుచూసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అప్పటినుంచి నాయనమ్మకు పొద్దుటి ఛాయ్ అక్కడే.

ఆపై వానాకాలంలో, క్లినిక్‌కు వెళ్ళిన పళ్ళ డాక్టరు గారు కుర్చీలో కూర్చున్నచోటే గుండె ఆగి చనిపోయారు. వాళ్ళకు పిల్లలు లేరు. కలకత్తా నుంచి ఆమె తమ్ముడు వచ్చేదాకా మా అమ్మ, నాయనమ్మ ఆ ఇంట్లోనే ఉన్నారు. వాకిలి చాలారోజులు ఖాళీగా ఉంది.

ఒక పొద్దున కిటికీలోంచి చూస్తే ఆమె మళ్ళీ నిలబడి ఉంది. చేతులు ఎత్తింది గానీ అవి వణుకుతున్నాయి. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారి మెడ మీదికి జారుతున్నాయి. నాకు దిక్కు తోచలేదు. ఏడవకూడదని, ఊపిరి చెదరకూడదని కదా ఈ విద్య అనుకునేదాన్ని. నన్ను గట్టున పడేసిన మనిషే ఇలా అయిపోతే ఇంకేముంది అనిపించింది. నాయనమ్మను పిలుద్దామనుకున్నాను. ఎందుకో పిలవకుండా నేనే వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను. మోకాళ్ళు వంచి, చేతులు గుండ్రంగా పట్టుకుని, మెల్లగా ఊదడం మొదలుపెట్టాను. ఆమె కళ్ళు తెరిచి చూసింది.

"ఏడిస్తే కుండ పగలదు బిడ్డా," అంది. "నీళ్ళు జెర ఒలుకుతయ్. అంతే."

ఇద్దరం అలాగే నిలబడ్డాం. ఆమె ఏడుస్తూనే ఉంది, చేతులు మాత్రం దించలేదు. కాసేపటికి వణుకు తగ్గింది. మంచి మనసూ మంచి శరీరమూ ఉన్నవాళ్ళకు దుఃఖం రాదని ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. అది నేనే ఊహించుకున్నాను. ఆ పొద్దున ఆ ఊహ పోయింది, దాంతోపాటు నా భయంలో సగం పోయింది.

దసరా దాటాక తమ్ముడు మళ్ళీ వచ్చి ఆమెను తీసుకెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు ఎవరో ఒకరు ఆమె క్షేమం తెలిపేవారు, తర్వాత అదీ ఆగిపోయింది.

ఇప్పుడు నేను నేరేడ్‌మెట్‌లో ఉంటున్నాను. మా కాలనీ పార్కులో పొద్దున్నే కొందరం పెద్దవాళ్ళం ఆ ఛీగుంగే చేస్తాం, ఇప్పుడు చీగాంగ్ అంటున్నారు. ఒక కుర్రది ఫోన్‌లో వీడియో పెట్టి చక్కగా నేర్పుతుంది. కదలికలకు అందమైన పేర్లు చెబుతుంది. నాకు ఆ పేర్లు ఒక్కటీ గుర్తుండవు. నా మోకాళ్ళు బాగున్నాయి, దమ్ముకు పీల్చే మందు సంచిలో ఉంటుంది, ఊపిరికి కాపలా కాయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇవన్నీ ఆమె పెట్టిన భిక్షే.

మొన్న పరీక్షకు వెళ్ళే ముందు మా మనవరాలు గుమ్మంలో ఆగిపోయి, చేతులు చల్లబడి, "నానమ్మా, ఊపిరాడట్లేదు," అంది. దాని తల్లి నీళ్ళ కోసం పరుగెత్తింది, తండ్రి కారు తాళాల కోసం. నేను కంగారు పడలేదంటే అబద్ధం. అయినా నడుస్తూనే వెళ్ళి, దాని ఎదురుగా నిలబడి, పెదవులు చుట్టి ఊదాను. అది నా ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ, అదీ ఊదింది.